ఉబ్బిన చెక్క

రోస్విటా హెంకెల్ ఎడమ కాలి బూటు విప్పి, తలకిందులు చేసి, మడమ మీద గట్టిగా కొట్టింది. నల్లటి కంకర పలుకులు చెత్తడబ్బాలో పడి చిటపటలాడాయి. కుడి బూటుకీ అదే పని చేసింది. నాజీల కాలపు శిబిరంలో ఖైదీల కొట్టాలు ఇప్పుడు లేవు. అవి ఉన్న చోటల్లా దీర్ఘచతురస్రాలుగా నల్ల కంకర పోసి ఉంచారు. ఆ కంకర ఆమె బూట్లలో దూరి ఇంటికి వస్తుంది. ఎంత ఊడ్చినా మంచం కింద ఒక పలుకు, స్నానాల గదిలో ఒక పలుకు కాలికి గుచ్చుకుంటూనే ఉంటాయి. ఇన్నేళ్ళలో అలవాటు కాలేదు.

ఉడకబెట్టిన గుడ్డు నిలబడే తిన్నది. గొంతు బిళ్ళలు కోటు జేబులో వేసుకున్నది. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, తలుపు పక్కన గోడకి ఆనించిన మడత పీటని ఎడమ చంకలో ఇరికించుకున్నది. బీచ్ చెక్కతో చేసిన పాత పీట అది. మధ్యలో నడవలేక ఆగిపోయే ముసలివాళ్ళ కోసం దాన్ని రోజూ మోసుకెళ్తుంది. పీట కోటుకి రాసుకునే చోట గుడ్డ నునుపు తేలి మెరుస్తూ ఉంటుంది.

అరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి నడుము. రొట్టెల దుకాణంలో పాతికేళ్ళు పిండి మూటలు ఎత్తిన చేతులు. ఎల్సెన్‌హాగెన్‌లో పుట్టి, అక్కడే బడికి పోయి, అక్కడే పెళ్ళాడి, అక్కడే ఒంటరిదయింది. ఊరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలు చదివి, చదివి, యాభయ్యో ఏట శిబిరం చూపించే పనిలో చేరింది. భర్త గెర్ట్‌కి అది నచ్చలేదు. రైలు స్టేషన్లో సూట్‌కేసు కాళ్ళ మధ్య పెట్టుకుని, "నీకు చచ్చిపోయినవాళ్ళు చాలు, నాతో పనేముంది?" అన్నాడు. ఆమె అతని ప్రయాణానికి రొట్టెముక్కలు కట్టి తెచ్చింది. అతను పొట్లం తీసుకుని రైలెక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతాడేమోనని ఆమె రైలు వంపు తిరిగేదాకా నిలబడింది. ఊపలేదు. ఆ తరవాత ఎవరు ప్రయాణమైనా సరే, చివరిదాకా నిలబడి చూడటం ఆమెకి భయమూ, తప్పనిసరీ అయింది.

ఈ గురువారం ఆమె ఆఖరి గుంపు. జనవరి నుంచి మనుషులు చూపించరు. వచ్చినవాళ్ళకి చెవులకి తగిలించుకునే యంత్రాలిస్తారు. అందులో ఎవరో నటి గొంతు మాట్లాడుతుంది. ఆ గొంతు స్మారకశిల దగ్గర ఆగి ధన్యవాదాలు చెబుతుంది. ఆమె చూపించాలనుకునే చివరి చోటు దాకా రాదు.

చివరి చోటు స్మారకశిలకి వెనక, రాతి క్వారీ దాటాక ఉంటుంది. రైలు పట్టాలు ఆగిపోయిన చోటు. బళ్ళలోంచి దింపిన మనుషుల్ని అక్కడ విడదీసేవాళ్ళు. ఆడవాళ్ళు ఎడమకి, నూలుమిల్లుకి. మగవాళ్ళు కుడికి, క్వారీకి. తల్లులూ కొడుకులూ అక్కడే విడిపోయారు. ఆ చోటుకి ఆనుకుని ఊరి ఇళ్ళ పెరళ్ళున్నాయి. వంటిళ్ళ కిటికీలు అటే చూస్తాయి. వాటిలో ఒకటి ఆమె పిన్ని ఎల్‌ఫ్రీడ ఇంటి కిటికీ.

ఏ గుంపు వచ్చినా ఒక ప్రశ్న అడుగుతుంది: ఊళ్ళోవాళ్ళకి తెలియదా? "చివరి చోట చెబుతాను," అంటుంది రోస్విటా. ఆ మాట అంటూనే ఉంది, ఏ గుంపూ చివరి చోటుకి రాలేదు. వాన పడుతుంది. బస్సు హారన్ కొడుతుంది. ఎవరికో కళ్ళు తిరుగుతాయి. ఎవరికో ఆకలేస్తుంది. ప్రశ్న అడిగినవాళ్ళే జవాబు మరిచిపోయి కరచాలనం చేసి వెళ్ళిపోతారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె పీట చంకలో పెట్టుకుని నిలబడుతుంది.

పిన్ని కిటికీ తెరుచుకోదు. చిన్నప్పుడు రోస్విటా ఎందుకని అడిగితే, "చెక్క ఉబ్బింది," అనేవాళ్ళు. అమ్మ అదే అంది, తాత అదే అన్నాడు. ఓసారి చూపుడు వేలితో చట్రమంతా తడిమింది. రంగు పొర కింద మేకుల తలలు తగిలాయి. వేలు వెనక్కి తీసుకుంది. పెద్దదయ్యాక ఎన్నోసార్లు అడిగింది. పిన్ని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, "ఉబ్బింది అంటే ఉబ్బిందే. నీకు వేరే పని లేదంటే పాలు పొంగుతున్నాయేమో చూడు," అనేది.

పోయిన వారం పిన్ని ఉన్నట్టుండి అడిగింది.

"నీ ఆఖరి గుంపు ఎప్పుడే?"

"గురువారం."

"పట్టాల దగ్గరికి తీసుకురా. పన్నెండు గంటలు కొట్టేలోపు. ఆ తరవాత నాకు నడుం నిలబడదు, పడుకోవాలి. కిటికీ తీసి నిలబడతాను. ఒక్క మాట చెబుతాను."

రోస్విటా చేతిలో కప్పు కింద పెట్టేసింది. "ఏం మాట పిన్నీ?"

"ఇప్పుడే నీకు చెప్పేస్తే అప్పుడేం చెప్పను? పిచ్చిమొహమా!" తొంభయ్యేళ్ళ పిన్ని మళ్ళీ కత్తి తీసుకుంది. కాసేపటికి తనలో తనే అన్నట్టు అంది: "ముందు తలుపులోంచి తేకు. వాళ్ళు నడిచిన దారినే రావాలి."

పెరటి చివర కంచె మొక్కలు మనిషి ఎత్తు దాటిపోయాయి. రోస్విటా ఆ సాయంత్రమే పక్కింటాయన్ని బతిమాలింది, కిటికీకి ఎదురుగా కాస్త కత్తిరించమని. ఏటా ఆ కంచె కత్తిరించేది ఆయనే. "కంచె ఫిబ్రవరిలో కత్తిరిస్తాం కదమ్మా," అన్నాడు ఆయన, ఆమె ఎండాకాలంలో మంచు కురిపించమని అడిగినట్టుగా చూస్తూ. "ఇప్పుడు నవంబరు."

*

బస్సు ఆలస్యంగా వచ్చింది. పొగమంచులోంచి ముందు దీపాలు, తరవాత మాటలు బయటికొచ్చాయి. పక్క పట్నం అగ్నిమాపక దళంలో పనిచేసి విరమించినవాళ్ళు, వాళ్ళ భార్యలు. ఏడాదికోసారి విహారం. పొద్దున శిబిరం, మధ్యాహ్నం సత్రంలో కాల్చిన బాతు, ఎర్ర క్యాబేజీ.

"మన్నించాలి, హెంకెల్ గారూ," అంటూ దిగాడు సంఘం అధ్యక్షుడు హైనర్ బ్రూన్స్. ఎర్రటి మొహం, యూనిఫాం టోపీ, మెడ లేకుండా తలని నేరుగా భుజాల మీద పెట్టినట్టున్న మనిషి. "డ్రైవరు దారి తప్పాడు."

"నేనా తప్పింది?" బస్సులోంచి డ్రైవరు అరిచాడు. "ఎడమకి తిప్పు, ముప్పయ్యేళ్ళు ఫైరింజను నడిపాను, నాకు తెలుసు అన్నది ఎవరండీ?"

"ఎక్కడైనా తగలబడుతుంటే ఈయనకి దారి తెలుస్తుంది," అంది అతని భార్య ఊటె. "మామూలు రోజుల్లో మా వీధి కూడా తెలీదు."

అందరూ నవ్వారు. రోస్విటా నవ్వలేదు. "పన్నెండులోపు చివరి చోటు చేరాలి," అంది. "అక్కడ ఒకావిడ మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది."

"తప్పకుండా, తప్పకుండా. పన్నెండున్నరకి మాకూ బాతు ఎదురుచూస్తూ ఉంటుంది."

ముందు అందరూ మరుగుదొడ్ల ముందు వరస కట్టారు. వరస కదల్లేదు. ఎవరో చేతిసంచీ బస్సులో మరిచిపోయి వెనక్కి వెళ్ళారు. ద్వారం దగ్గర హైనర్ గుంపు ఫోటో తీయిద్దామన్నాడు. ఇక్కడ నవ్వుతూ నిలబడకూడదని ఆమె చెబితే, "నవ్వకుండా నిలబడతాం," అన్నాడు. నవ్వకుండా నిలబడటానికి వాళ్ళకి చాలాసేపు పట్టింది.

ఖైదీల్ని లెక్కపెట్టే మైదానంలో ఆమె మొదలుపెట్టింది. పొగమంచు గొంతుకి అడ్డం పడింది. తెల్లవారకముందే ఇక్కడ నిలబెట్టేవాళ్ళు, లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచీ. పడిపోయినవాళ్ళని పక్కవాళ్ళు నిలబెట్టి పట్టుకునేవాళ్ళు. ముసలివాళ్ళు తలలూపుతూ విన్నారు. బక్కగా, పొడుగ్గా ఉన్న ఒట్‌మార్ అనే ఆయన మోకాలు పట్టుకుని పక్కకి ఒరిగాడు. ఆమె పీట విప్పి ఇచ్చింది. తల ఊపి కూర్చున్నాడు.

"ఊళ్ళోవాళ్ళకి తెలియదా?" అంది ఊటె.

"మా నాన్నకి తెలీదు," అన్నాడు హైనర్ వెంటనే. "మా ఊళ్ళో ఎవరికీ తెలీదు."

"నిన్నెవరడిగారు? ఆవిడ్ని అడుగుతున్నాను."

"చివరి చోట చెబుతాను," అంది రోస్విటా. ఆ మాట తన నోట్లోనే పాచిపోయినట్టు అనిపించింది. "నడవండి. దయచేసి నడవండి."

నడిచారు, చెరువు దాకా. చెరువంటే చెరువు కాదు. సిమెంటు గోడల మధ్య నలుపలకల గుంట. నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు నిలవచేసేవాళ్ళు. ఏ గుంపూ దాని దగ్గర ఆగదు. వీళ్ళు ఆగిపోయారు. తాళ్ళు విప్పిన ఎడ్లు గడ్డివాము చుట్టూ మూగినట్టు దాని చుట్టూ మూగారు.

"నీళ్ళు పీల్చే గొట్టం ఇక్కడ దింపేవాళ్ళు, చూడు ఆ గాడి!"

"కాదురా, అది పొర్లు నీళ్ళ దారి. గొట్టం ఆ మూల."

"ఆ మూలనుంచి ఎంత ఎత్తు లాగుతుంది? ఆ రోజుల్లో పంపులకి అంత బలం ఎక్కడిది?"

"మా మొదటి బండి పంపు ఆ కాలందే. దున్నపోతులా లాగేది!"

హైనర్ వంగి గోడ జానలతో కొలుస్తున్నాడు. ఇంకొకాయన కర్ర నీళ్ళలో ముంచి లోతు చూస్తున్నాడు. వాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి. పొద్దుటినుంచీ ఎటు చూడాలో తెలియని చూపులకి తెలిసిన వస్తువు ఒకటి దొరికింది.

"ఈ నీళ్ళు మనుషుల కోసం కాదు," రోస్విటా గొంతు పెంచింది. "ఆయుధాల గోదాముల కోసం. రాత్రిళ్ళు కొట్టాల తలుపులకి బయట గడియ పెట్టేవాళ్ళు. అంటుకుంటే లోపలివాళ్ళు లోపలే."

హైనర్ గోడ మీదనుంచి చెయ్యి తీశాడు. తరవాత కర్ర పట్టుకున్నాయన నెమ్మదిగా అన్నాడు: "గడియ బయట పెడితే మరి తలుపు గొడ్డలితో కొట్టాలి. ముందు మడతబందుల దగ్గర."

"ఔను, బందుల దగ్గరే," అన్నాడు ఇంకొకడు. మళ్ళీ మొదలైంది. ఈసారి తలుపుల గురించి.

ఆమెకి ఏడుపొచ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఏనాడో తగలబడి ఉండొచ్చనుకున్న తలుపుని ఇప్పుడు బద్దలుకొట్టి ఎవరినో బయటికి లాగాలని చూస్తున్నారు. కానీ కొండ కింద వంటింట్లో ఒక ముసలి నడుము నిలబడి ఉంది. గొంతు బిళ్ళ నోట్లో వేసుకోబోతే అది జారి కంకరలో పడిపోయింది. "అయ్యా, కదలండి," అంది. "అమ్మా, మీరైనా చెప్పండి."

"హైనర్! నీ గుంట ఎక్కడికీ పోదు. రా!" అని ఊటె అరిచాక కదిలారు.

స్మారకశిల దగ్గర వాళ్ళు పూలచక్రం తెచ్చారని తెలిసింది. అది బస్సులో ఉంది. ఇద్దరు వెళ్ళారు. రిబ్బను మీది అక్షరాలు పైకి కనిపించేలా సర్దారు. గాలికి తిరగబడితే మళ్ళీ సర్దారు. హైనర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని ప్రసంగం మొదలుపెట్టాడు. రాసుకోకుండా వచ్చాడు, అందుకని ముగింపు దొరకలేదు. "మరిచిపోకూడదు" అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా అయిపోయిందని ఆమె ఊపిరి వదిలింది. ఆయన దాన్ని చుట్టి మళ్ళీ వెనక్కి వచ్చాడు. నాలుగోసారో, ఐదోసారో వస్తుండగా కింద ఊళ్ళో చర్చి గంటలు మోగాయి.

రోస్విటా పన్నెండూ విన్నది. ఒక్కొక్క గంటా ఒంట్లో ఎక్కడో కంకర పలుకులా గుచ్చుకుంది.

గంటలు ఆగాయి. బస్సు హారన్ కొట్టింది.

"ఇక బాతు దగ్గరికి," అన్నాడు హైనర్ టోపీ పెట్టుకుంటూ. "చాలా బాగా చెప్పారమ్మా. మా సంఘం తరఫున..." కరచాలనానికి చెయ్యి చాపాడు.

ఆమె ఆ చెయ్యి అందుకోలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ అలా చెయ్యలేదు. "నేను పట్టాల దగ్గరికి వెళ్తున్నాను," అంది. "ఇవాళ నా ఆఖరి రోజు. మీరు రాకపోయినా వెళ్తాను."

ఆమె స్మారకశిల దగ్గర మళ్ళీ వేసిన పీట మీదనుంచి ఒట్‌మార్ లేచాడు. పీట మడిచాడు. ఆమెకి ఇవ్వకుండా తన చంకలో పెట్టుకున్నాడు. "నేనొస్తాను," అన్నాడు. పొద్దుటినుంచీ అదే అతని మొదటి మాట.

"నేనూ," అంది ఊటె. "నేనడిగిన దానికి జవాబు రాలేదు ఇంకా."

"ఒసేయ్, బాతు!"

"అది ఆల్రెడీ చచ్చింది హైనర్. లేచిపోదు."

కొందరు బస్సెక్కారు. కొందరు వెంట వచ్చారు. హైనర్ గొణుక్కుంటూ అందరికన్నా వెనక వచ్చాడు.

*

క్వారీ పక్కన దారి బురదగా ఉంది. ఆమె దాదాపు పరిగెత్తింది. పిన్ని పడుకునే ఉంటుంది. కోపంగా ఉంటుంది. సాయంత్రం వెళ్తే, "నీ ఆఖరి గుంపు కూడా నీలాగే. ఎప్పుడూ ఆలస్యం," అంటుంది. పోనీ రేపు ఒక్కదానికే చెప్పమని అడగాలి. కాళ్ళు పట్టుకునైనా అడగాలి.

తుప్పు పట్టిన పట్టాలు గడ్డిలో ఆగిపోయిన చోట ఆమె ఆగింది. వెనక వాళ్ళు ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డారు. ఎడమ చెయ్యి ఎత్తింది. "ఆడవాళ్ళు ఇటు." కుడి చెయ్యి ఎత్తింది. "మగవాళ్ళు ఇటు. మాట్లాడుకోవడానికి వదిలేవాళ్ళు కాదు. ఆడవాళ్ళ వరస ఈ ఇళ్ళ వెనకనుంచే నడిచి వెళ్ళేది." ఇంకా ఏదో చెప్పాలి. చేతులు అలాగే ఉండిపోయాయి, దారి మధ్యలో నిలబడ్డ పోలీసులా.

ఎదురుగా కంచె. ముదురాకుపచ్చ, తడి, గోడలా నిటారు. ఇల్లు పైకప్పు తప్ప ఏమీ కనిపించలేదు.

"కిటికీలు ఏవి మరి?" అంది ఊటె.

"దీని వెనక. ఫిబ్రవరిలో కత్తిరిస్తారు," అంది రోస్విటా. ఆ మాట చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలాయి.

ఒట్‌మార్ కంచెని పైనుంచి కిందిదాకా చూశాడు, నిచ్చెన వేసే ముందు గోడని చూసినట్టు. పీట విప్పి, బురదలో కాళ్ళు కుదురుగా దిగేలా నొక్కి, ఒక చెయ్యి ఊటె భుజం మీద వేసి ఎక్కాడు. మంచి మోకాలే ముందు.

"ఓ కిటికీ తెరిచి ఉంది," అన్నాడు.

రోస్విటా అతని కోటు అంచు పట్టుకుంది. పడుకోలేదు! ఎదురుచూస్తోంది! "నిలబడి ఉందా? తెల్లజుట్టు ఆవిడ?"

అతను మెడ చాచాడు. కాసేపు చూశాడు. "నిలబడి ఎవరూ లేరు. రెండు రెక్కలూ బార్లా తీసేశారు. తెర బయట గాలికి ఊగుతోంది. లోపల కొవ్వొత్తి." మెల్లగా టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు మేమూ ఇలాగే తీశాం. ప్రాణం బయటికి పోవడానికి."

అతను దిగి, రోస్విటాకి చెయ్యి అందించాడు. ఆమె పీట ఎక్కింది.

పిన్ని కుర్చీలో ఉంది. కుర్చీ కిటికీకి ఎదురుగా ఉంది. పండగలకి మాత్రమే తీసే నీలం స్వెట్టరు, మెడ దాకా బొత్తాలు. తల ఒక పక్కకి వాలింది. తెల్లజుట్టు దువ్వి ఉంది. కిటికీ గడప మీద వంకర్లు తిరిగిన తుప్పు మేకులు వరసగా పేర్చి ఉన్నాయి. పిన్నిని చూసుకునే పోలండు మనిషి బోజెనా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఇంకా పటకారు ఉంది.

"ఫోను చేశాను రోస్విటా. కట్టేసి ఉంది."

"ఎప్పుడు?"

"పొద్దున్నే లేపి మేకులు పీకమంది. పీకాను. తెరవబోతే వద్దంది, వాళ్ళొచ్చాక నేనే తెరుస్తాను, ఇప్పుడు చలి అంది. కాఫీ పెట్టడానికి వెళ్ళాను." బోజెనా ముక్కు తుడుచుకుంది. "గంటలు మోగాయి. కాఫీ తెచ్చాను. గంటలకి ముందో, తరవాతో నాకు తెలీదు. కిటికీ నేనే తెరిచాను."

"ఏమైనా అందా?"

"స్వెట్టరు బొత్తాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగింది."

రోస్విటా దిగింది. ఎవరు దింపారో తెలియలేదు. పిన్ని చెప్పబోయిన మాట ఏమిటో ఇక ఏ పుస్తకంలోనూ దొరకదు. ముందో, తరవాతో. గుంట దగ్గరా, రిబ్బను దగ్గరా పోయిన కాలమంతా ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుంది.

ఊటె ఎవరినీ అడగకుండా పీటెక్కింది. చాలాసేపు చూసింది. తరవాత తల తిప్పి, తమ వాళ్ళు నిలబడ్డ గడ్డిని, పట్టాలని, మళ్ళీ కిటికీని చూసింది. "టేబుల్ మీది కప్పుకి చెవి విరిగింది. అది కూడా కనిపిస్తోంది ఇక్కణ్ణుంచి," అంది.

ఆమె దిగాక ఇంకొకరు ఎక్కారు. తరవాత ఇంకొకరు. ఎక్కేవాళ్ళని దిగేవాళ్ళు పట్టుకున్నారు. అందరికన్నా చివర హైనర్ వచ్చాడు. పీట అతని బరువుకి కిర్రుమంది. చూశాడు. తన నాన్న గురించి ఏమీ అనలేదు. దిగి, బూట్ల బురదని గడ్డికి రాస్తూ నిలబడ్డాడు, అది వదిలిపోయాక కూడా.

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. ఈసారి వెంటనే ఆగిపోయింది.

ఒక్కొక్కరే ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళారు. ఒట్‌మార్ పీట వైపు చూశాడు. "నేను తీసుకెళ్తానులెండి," అంది రోస్విటా. ఎప్పటిలా వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడలేదు. వాళ్ళకన్నా ముందే వెనక్కి తిరిగి, కంచె చుట్టూ వీధిలోంచి, పిన్ని ముందు తలుపు వైపు నడిచింది. నడుస్తుంటే కుడి బూటులో కంకర పలుకు గుచ్చుకుంది. ఆగి దులపలేదు. ఎడమ చంక ఖాళీగా ఉందని కూడా గుమ్మం దాకా తెలియలేదు.

ఆ పీట పిన్నిదే. ఈ పని మొదలుపెట్టినప్పుడు, "నీ ముసలాళ్ళు కూర్చుంటారు, పట్టుకుపో," అని ఇచ్చింది. "చిన్నప్పుడు నాకు గిన్నెలు కడిగే తొట్టి అందేది కాదు. దీనిమీదే నిలబడి, ఆ కిటికీ దగ్గర గిన్నెలు తుడిచేదాన్ని."

కంచె పక్కన అది కాళ్ళు బురదలో దిగి, కిటికీకి ఎదురుగా అలాగే ఉంది. దాని చెక్క మీద చాలామంది అడుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పొగమంచు నీళ్ళై వాటిలోకి మెల్లగా దిగుతోంది.